పండించినవాని గడప

క్రీస్తుశకము 1784వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఆస్ట్రియాను ఏలుచుండిన చక్రవర్తి రెండవ జోసెఫు ఒక చిన్న శాసనమును వెలువరించెను. తన భూమిలో పండించుకొన్న తిండివస్తువులను, తన తోటలోని ద్రాక్షపండ్లతో తాను తీసిన ఆసవమును, సంవత్సరములో ఏ దినముననైనను, తనకు తోచిన ధరకు అమ్ముకొనుటకు ప్రతి మనిషికిని స్వేచ్ఛ కలదని దాని సారాంశము. నాటినుండి నేటివరకును వియన్నా పరిసరములలోని ద్రాక్షతోటల కాపులు, మనము శుభకార్యమునాడు గుమ్మమునకు మామిడాకులు కట్టినట్లు, కొత్త ఆసవము సిద్ధమైనప్పుడు తమ వాకిట ఒక పచ్చని కొమ్మను వ్రేలాడదీయుదురు. కొమ్మ కనబడినచో లోపలికి వచ్చి కూర్చుండవచ్చునని బాటసారి తెలిసికొనును. జర్మనీలో సైతము ఇట్టి ఆచారమే చట్టరూపము దాల్చియున్నది. అచ్చటి కాపు సంవత్సరమునకు 4 నెలలకు మించకుండ, 40 ఆసనములకు మించకుండ, తన స్వంత ఆసవమును మాత్రమే ఇట్లు తన యింట విక్రయింపవచ్చును.

ఈ పచ్చకొమ్మను ముందుగా జ్ఞప్తికి తెచ్చుటకు కారణము కలదు. మద్యవిక్రయముపై ప్రభుత్వము విధింపవలసిన నియమములను గూర్చి చర్చ వచ్చినప్పుడెల్ల, త్రాగుట మంచిదా చెడ్డదా యను ప్రశ్నయే ముందుకు వచ్చి, ఆ దుకాణపు తలుపు ఎవనిది, దాని తాళపుచెవి ఎవని చేతిలో నున్నది యను ప్రశ్న మఱుగుపడిపోవుచున్నది. నా దృష్టిలో ఈ రెండవ ప్రశ్నయే పెద్దది. త్రాగువాని బలహీనత ఎప్పుడును ఉన్నదే; దానిని ఎంతవరకు పిండవచ్చునో, ఎంత రాత్రివరకు పిండవచ్చునో నిర్ణయించునది అమ్మువాని లాభాపేక్ష; ఆ లాభాపేక్షకు హద్దు ఉండునా ఉండదా యనుట, తుదకు, ఆ తలుపు యాజమాన్యముపై ఆధారపడి యుండును. ఈ సంగతిని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము బహు సూక్ష్మముగను, అంతే గజిబిజిగను విచారించినది గనుక, ఆ రాష్ట్రపు అనుభవమును తెలుగు పాఠకుల ముందు పెట్టుట నిష్ప్రయోజనము కాదని తలంచుచున్నాను.

పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకములలో అమెరికాలో బీరు కాచు సంస్థలు మిక్కిలి పెద్దవయ్యెను. యంత్రములు వచ్చినవి, రైలుమార్గములు వచ్చినవి, ఉత్పత్తి అవసరమును మించిపోయినది; సరకు పోవుటకు దారి కావలసివచ్చినది. వీధిమూలనుండు సెలూనే ఆ దారి యయ్యెను. మన యూళ్లలో సెలూనన్నచో క్షౌరశాల, అచ్చట పానశాల. బీరు సంస్థవారు చేత కాసు లేని ఒక వలసవానిని చూచుకొని, లైసెన్సు రుసుము తామే చెల్లించి, బల్లలు, నిలువుటద్దములు, గాజుపాత్రలు తామే అమర్చి, సరకు అరువిచ్చి, ఒక్క షరతు మాత్రము పెట్టెడివారు: తమ బీరు తప్ప మఱియొకరి బీరు ఆ పానశాలలో పోయరాదు. ఆ మనిషి పేరునకు యజమాని. నిజమునకు ఋణబద్ధుడైన జీతగాడు. ఒక సంస్థ ఒక మూలన పానశాల పెట్టినచో పోటీసంస్థ ఎదుటిమూలన ఇంకొకటి పెట్టెడిది. అక్కఱ లేని చోట నాలుగైదు పానశాలలు పుట్టి, అన్నియు అప్పులలో మునిగి, ఆ యప్పు తీర్చుటకై ఉప్పుచేపలును ఉప్పుమాంసమును ఉచితముగా తినిపించి దాహము పెంచుట, ఆదివారము తలుపు తీయుట, వారపు కూలి డబ్బులతో వచ్చినవానిని జేబు ఖాళీ యగువరకు కదలనీయకుండుట మొదలగు పనులకు దిగెను. ఉత్పత్తిదారుని పలుపునకు కట్టబడిన ఇట్టి పానశాలను అచ్చటివారు ‘టైడ్ హౌస్’ అని పిలిచిరి; దానిని మనము కట్టుబడి దుకాణమందము. అమెరికా స్త్రీలు దశాబ్దములపాటు పోరాడినది మద్యముతోనే యని చెప్పుదురు గాని, వారి కన్నులయెదుట నిలిచిన శత్రువు ఈ కట్టుబడి దుకాణమే.

ఆ పోరాటము ఫలించి 1920 జనవరి 17న దేశమంతటను నిషేధము అమలులోనికి వచ్చినది. దొంగవ్యాపారమును, తుపాకుల ముఠాలను పెంచి, 1933 డిసెంబరు 5న 21వ రాజ్యాంగ సవరణతో అంతరించినది. మద్యమును గూర్చిన అధికారము అంతటినుండి ప్రధానముగా రాష్ట్రములకు సంక్రమించినది. మఱి తెఱవబోవు తలుపు ఎట్టిదై యుండవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకించినవాడు, జన్మలో మద్యము ముట్టని జాన్ డి. రాక్‌ఫెల్లరు జూనియరు. ఆయన కుటుంబము నిషేధోద్యమమునకు ధనమిచ్చి పోషించినది. ఆయనయే 1932లో తన యభిప్రాయము మార్చుకొన్నానని బహిరంగముగా ప్రకటించెను. ఒక సిద్ధాంతమునకు జీవితమంతయు కట్టుబడి యుండి, దాని ఫలితము చెడ్డదని తేలినప్పుడు ఆ మాట నలుగురిలో ఒప్పుకొనుట సామాన్యమైన ధైర్యము కాదు. ఆయన కోరికపై రేమండ్ ఫాస్డిక్, ఆల్బర్టు స్కాట్ అను నిరువురు 1933లో ప్రచురించిన నివేదిక, పానశాల ఉత్పత్తిదారుని చేతిలోనికి తిరిగి పోరాదని గట్టిగా చెప్పెను. కొన్ని రాష్ట్రములు విక్రయమును తామే చేపట్టినవి. తక్కినవి లైసెన్సు పద్ధతి నవలంబించి, తయారుచేయువాడొకడు, టోకువర్తకుడు వేఱొకడు, చిల్లర దుకాణదారు మఱియొకడు అను మూడు అంతస్తుల కట్టడమును నిర్మించినవి. కాలిఫోర్నియా తన మద్యనియంత్రణ చట్టమును 1935లో చేసికొనెను. ఉత్పత్తిదారు చిల్లర దుకాణమును కలిగియుండరాదు, దానిలో వాటా యుండరాదు, దుకాణదారునకు అప్పు, బహుమతి, సామగ్రి, ప్రకటనల సొమ్ము ఇయ్యరాదు. 1971లో ఆ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము ఈ విభాగముయొక్క ఆశయమును వివరించుచు, పెద్ద ఉత్పత్తిదారుడు చిల్లర వర్తకమును ఏలకుండుటయు, మితిమీరిన అమ్మకపు టెత్తులతో త్రాగుడు పెరుగకుండుటయు అను రెండింటిని పేర్కొనెను. ఆ రెండును న్యాయమైన ఆశయములు. ఈ గోడను కూల్చవలెనని నేను కోరుటలేదు.

అయితే గోడ కట్టిన కొలదికాలమునకే దానిలో ఒక ద్వారము పెట్టవలసివచ్చినది. ఆ ద్వారము ద్రాక్షకాపు నిమిత్తము. బీరు కాచువానికిని ద్రాక్షాసవము తీయువానికిని భేదమున్నదని అందఱు నెఱుగుదురు. బార్లీ యెక్కడనో పండును, బీరు నగరములో కాగును. ద్రాక్ష అట్లు కాదు. పండు కోసిన కొలది ఘడియలలో నలుగవలెను. కావున తోటయు, తొట్టియు, పీపాయును ఒక్క వాకిటనే ఉండును. ఆ వాకిటికి వచ్చిన మనిషికి ఒక గిన్నెడు రుచి చూపి, ఒక సీసా అమ్ముటను తప్పనుట, గానుగవాడు తన గానుగయొద్ద నూనె అమ్మరాదనుట వంటిది. అందుచేత కాలిఫోర్నియా చట్టము ‘వైన్‌గ్రోయరు’ అను ఒక ప్రత్యేక లైసెన్సును కల్పించి, అది గలవాడు ఉత్పత్తిదారుడయ్యును తన స్థలమునందు వినియోగదారునకు నేరుగా అమ్మవచ్చుననియు, రుచి చూపవచ్చుననియు, అచ్చట భోజనశాల నడపవచ్చుననియు అనుమతించెను. పిమ్మట, తన స్థలమునకు దూరముగా ఒక రుచిశాల పెట్టుకొనుటకు హక్కిచ్చెను. 2022నుండి రెండవ రుచిశాలకును హక్కిచ్చెను. అంతేకాక, ఒక హోటలులోనో భోజనశాలలోనో యాజమాన్యపు వాటా కలిగి యుండుటకు సైతము ఒప్పుకొని, అచ్చట అమ్ముడగు వైను రకములలో ఆతని స్వంత రకములు 15 శాతమునకు మించరాదని షరతు విధించెను. ఈ చివరి నియమమున మంచి వివేకమున్నది. యజమానివి నీవే యైనను, నీ యింటి బల్లపై పరుల సరకునకే పెద్ద చోటుండవలెనని అది శాసించుచున్నది. కట్టుబడి దుకాణపు విషమెక్కడ నుండునో గుర్తించి, సరిగా అక్కడనే విరుగుడు పెట్టుచున్నది.

ఇంతవరకు చదివినవాడు, వియన్నా కాపు గుమ్మమునందలి పచ్చకొమ్మయే సముద్రము దాటి వచ్చినదని సంతోషించును. నేనును మొదట అట్లే సంతోషించితిని. కాని చట్టమునందలి నిర్వచనమును తెఱచి చూచినప్పుడు సంతోషము సగమైనది. ‘వైన్‌గ్రోయరు’ అను పదమునకు అర్థము ఆసవమును పండించువాడు. ఆ పదము వినగానే తీగలకు కత్తెర వేయు రైతు మనస్సున మెదలును. కాని చట్టపు నిర్వచనములో తోట లేదు, తీగ లేదు, ఎకరము లేదు. పండును వైనుగా మార్చు వసతులును పరికరములును కలిగి, వైను తయారుచేయుచున్నవాడే వైన్‌గ్రోయరు. తన స్థలమునందు వినియోగదారునకు అమ్ము వైనులో సగమునకు తక్కువ కాకుండ అచ్చటనే తీయవలెనను షరతు కలదు గాని, ఆ పండును తానే పండింపవలెనను షరతు లేదు. ఒక్క సెంటు భూమియు లేక, పండంతయు కొనితెచ్చువాడును పండించువాడే. పది యెకరముల తోట పెట్టుకొని భార్యాభర్తలిద్దఱు కష్టించు చిన్న కాపును పండించువాడే. వందల సీసాలవాడును, కోట్ల సీసాలవాడును ఒక్క పేరుతో ఒక్క ద్వారమున లోనికి పోవుదురు. రైతు పేరుతో అడిగి తెచ్చుకొన్న హక్కు రైతునకు మాత్రమే చెందకుండ, యంత్రము గల ప్రతివానికిని చెందినది. కాలిఫోర్నియా చట్టమునందు నాకు కనబడిన ప్రధానదోష మిదియే.

పెద్దవానిని చిన్నవానిని ఒక్కటిగా చూచుటవలన నేమగునో చెప్పుటకు వెదకబోనక్కఱలేదు. మొడెస్టో పట్టణములో ఎర్నెస్టు, జూలియో అను గాలో సోదరులు నిషేధము తొలగిన 1933లోనే స్థాపించిన సంస్థ అమెరికాలోని వైను సంస్థలలో అగ్రస్థానమునకు ఎదిగినది. టోకువర్తకులపై ఆ సంస్థ నెఱపుచున్న ఒత్తిడి పోటీదారులకు దారి మూయుచున్నదని కేంద్ర వాణిజ్య సంఘమువారు 1976లో ఒక నిబంధనోత్తరువును విధించిరి. 1983లో దానిని తొలగించిరి. ఆ సోదరుల శ్రమను, దక్షతను నేను కాదనను. కాని అట్టి బలము గలవానికి ఏ హక్కు ఇయ్యదగునో, ఆ రాష్ట్రమునందలి నాపా లోయలో సంవత్సరమునకు కొన్నివేల సీసాలు తీయువానికి ఏ హక్కు ఇయ్యదగునో వేఱ్వేఱుగా ఆలోచింపవలెను. ఇంతలో నడిమి అంతస్తు కూడ మారిపోయినది. ఉత్పత్తిదారుని దౌర్జన్యమునకు అడ్డుగా నిలువవలెనని సృష్టించిన టోకువర్తకులు ఒకరిలో నొకరు కలిసిపోయి తామే మహాసంస్థలైరి. 2016లో సదరన్, గ్లేజర్ అను రెండు సంస్థలు ఏకమై ఆ దేశమందలి అతి పెద్ద టోకుసంస్థ ఏర్పడెను. చిన్న కాపు సరకును చేపట్టు టోకువర్తకుడే దొరకని స్థితి వచ్చినది. అట్టివానికి తన గడప తప్ప వేఱు దిక్కు లేదు. పొరుగురాష్ట్రములవారికి నేరుగా సీసాలు పంపుకొను హక్కుకై ఇట్టి చిన్న కాపులే న్యాయస్థానముల మెట్లెక్కిరి. వర్జీనియాలో తోట గల ఒక వృద్ధురాలి ఫిర్యాదును, మిచిగన్ రాష్ట్రపు వ్యాజ్యమును కలిపి విచారించి, 2005లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, స్వరాష్ట్రపు కాపునకు ఇచ్చిన హక్కును పరరాష్ట్రపు కాపునకు నిరాకరించుట చెల్లదని అయిదుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో తీర్పు చెప్పెను.

దోషములలో రెండవది మినహాయింపుల తీరు. గోడ దృఢమైనది గనుక, దానిలో తమకొక సందు కావలెనని కోరినవారందఱు శాసనసభకు పోయి తమకు సరిపోవు కొలతతో ఒక్కొక్క సందు పెట్టించుకొనిరి. చట్టములో వ్యక్తి పేరు వ్రాయరాదు గనుక గుర్తులు వ్రాసిరి. శాక్రమెంటో కౌంటీలో 10,000కు మించి స్థిరాసనములు గల క్రీడామందిరములో ఉత్పత్తిదారుడు ప్రకటనలకు సొమ్మియ్యవచ్చునని ఒక మాట. మఱియొక కౌంటీలో మఱియెన్ని ఆసనములో గల రంగస్థలమునకు మఱియొక మాట. ఇట్లు సంవత్సరము వెంట సంవత్సరము పేరుకొన్న మినహాయింపులు మూలసూత్రముకంటె పొడవైనవి. ఆసనముల సంఖ్యను బట్టి న్యాయమెట్లు మారును? శాసనసభలో పలుకుబడి గలవానికి సందు దొరకును, లేనివానికి గోడ తగులును. 2014లో శాక్రమెంటోలో ద్రాక్షాసవముల ఉత్సవ మొకటి జరిగినప్పుడు, తాము దానిలో పాల్గొనుచున్నామని కొన్ని చిన్న సంస్థలవారు సామాజిక మాధ్యమములో నాలుగు ముక్కలు వ్రాసిరి. ఆ ఉత్సవమునకు ఒక చిల్లర దుకాణముల సంస్థ పోషకురాలు గనుక, ఆ నాలుగు ముక్కలును చిల్లరవర్తకునకు ఉచితప్రకటన యిచ్చినట్లగునని అధికారులు వారిపై చర్య తీసికొనిరి. మరుసటి యేడు శాసనసభ నియమమును సడలింపవలసివచ్చినది. వందేండ్లనాటి సెలూను యజమానిని అప్పుతో కట్టివేసిన బీరు సంస్థకొఱకు చేసిన శాసనము, నాలుగు పీపాల చిన్నవాని నాలుగు మాటలపై పడినది.

లైసెన్సు నిచ్చు చేతిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. కాలిఫోర్నియాలో మొదట ఆ యధికారము పన్నుల మండలి చేతిలో నుండెను. లైసెన్సులకు లంచములు నడచుచున్నవని కలకలము రేగి, ఆ మండలి సభ్యుడైన విలియం బొనెల్లి అభియోగముల నెదుర్కొని మెక్సికోకు పోయెను. 1954లో ప్రజలు రాజ్యాంగసవరణకు ఓటు వేయగా, 1955నుండి దానికొక ప్రత్యేకశాఖ యేర్పడినది. పన్ను వసూలు చేయుచేయి లైసెన్సు నిచ్చుచేయి కారాదని ఆ ప్రజలు అనుభవించి తెలిసికొనిరి. మన రాష్ట్రములలో ఈ రెండు చేతులును నేటికిని ఒక్కటియే.

ఇక ఆక్షేపణ. పండించినవాడు గాని కొనితెచ్చినవాడు గాని, అమ్మునది మత్తుపదార్థమే కదా, రైతు చేతినుండి వచ్చినంతమాత్రమున దాని గుణము మారునా యని అడుగుదురు. మారదు. అందుచేతనే గడపకు కొలత యుండవలెనని నా వాదము. నాపా కౌంటీవారు ఈ సంగతిని చక్కగా గ్రహించిరి. 1968లోనే వారు ఆ లోయను వ్యవసాయ రక్షితభూమిగా ప్రకటించిరి. పిమ్మట తోటల రుచిశాలలు పెండ్లిండ్లకును సంతలకును వేదికలై, పండు ఎక్కడనుండియో వచ్చి, పేరు మాత్రము నాపాదై నిలుచు ప్రమాదము కనబడగా, 1990లో ఒక కట్టడి చేసి, కొత్త ఆసవశాలలు తమ ఆసవమునకు వాడు పండులో 75 శాతము ఆ కౌంటీదే కావలెనని శాసించిరి. రాష్ట్రచట్టము పరికరములను చూచి హక్కు నిచ్చినది, ఈ కౌంటీ భూమిని చూచి హక్కు నిచ్చినది. భూమి హద్దు గలది; ఎంత ఆశ గలవాడైనను ఎకరమునకు ఇన్ని బండ్ల పండునకు మించి తీయలేడు. తన తోటలో పండినదే తన గడపలో అమ్మవలెనన్నచో, ఆ గడప తనంత తానే చిన్నదై యుండును. దానికి వేఱు పోలీసు అక్కఱలేదు. పరికరమునకు అట్టి హద్దు లేదు. ఒకటికి పది చేర్చుకొనవచ్చును.

ఈ మాటలు మనకేమి సంబంధమని తెలుగు పాఠకుడు తలంపవచ్చును. మన యూళ్లలో ‘వైన్ షాపు’ అను పలక గల దుకాణమున అమ్ముడుపోవునది బ్రాందీ, విస్కీ, బీరులే గాని ద్రాక్షాసవము మిక్కిలి స్వల్పము. హైదరాబాదు చుట్టుపట్ల ఒకప్పుడు పేరు మ్రోగిన అనాబ్-ఎ-షాహీ తోటలు తినుపండునకే గాని ఆసవమునకు కావు. కాని కట్టుబడి దుకాణము మనకు క్రొత్త కాదు. లైసెన్సు గల దుకాణమునుండి సరకు అరువు తెచ్చుకొని, పల్లెలో పచారీకొట్టు వెనుకనో ఇంటి వసారాలోనో అమ్ము బెల్టు షాపు, ఆ సెలూనునకు తోబుట్టువు. దానిని నడపువాడును పేదవాడే, వాడును అరువుకు బందీయే, అప్పు తీరుటకై అర్ధరాత్రియు తలుపు తెఱచువాడే. దుకాణములు వేలమునకు పెట్టిన కాలమున వేఱ్వేఱు పేర్లతో పాడుకొని ఒక్కచేతి క్రింద నడపిన సిండికేట్లను గూర్చి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అవినీతి నిరోధక శాఖ 2011 చివర దాడులు చేసినది. మరుసటి యేడు ప్రభుత్వము వేలమును మాని లాటరీకి మారినది. అంతకు ముందు, 1983లో వారుణి వాహిని పేర ప్రభుత్వమే సారా పంపకమును చేతబట్టగా పొట్లములలో సారా వాడవాడకు చేరినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులలో కూడిన స్త్రీలు, వర్ధినేని రోశమ్మ వంటి సామాన్య గృహిణులు, సారాకొట్టును మూయించి లేపిన గాలి రాష్ట్రమంతట వీచి, 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చినది. 1997లో ఆ నిషేధము సడలినది. తరువాతి చరిత్ర చేతులు మారిన తాళపుచెవి చరిత్ర. టోకువర్తకము ప్రభుత్వసంస్థది, చిల్లరవర్తకము ప్రైవేటువారిది, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరునుండి చిల్లర కూడ ప్రభుత్వమే, 2024 అక్టోబరునుండి 3,396 దుకాణములు మరల లాటరీలో ప్రైవేటువారివి. టోకును చిల్లరను ఒక్కచేత పట్టుకొని, ఆ రాబడిపై ఆధారపడు ప్రభుత్వము తానే ఒక పెద్ద కట్టుబడి దుకాణమగునని చెప్పుటకు నేను సంకోచింపను. పార్టీ ఏదైనను ఈ మాట ఒక్కటే. రాజ్యాంగము 47వ అధికరణములో మద్యనిషేధమునకు యత్నింపుమని రాజ్యమునకు చెప్పినది. రాబడి ఎక్కువ కావలెనని బడ్జెటు చెప్పుచున్నది.

మన మధ్య ద్రాక్షకాపు లేకపోయినను, అతని కన్న ప్రాచీనుడొకడున్నాడు. మోకు, ముత్తాదు నడుమున కట్టుకొని, తెల్లవారకముందే తాటిచెట్టెక్కి, గెలను గీసి, లొట్టి దించుకొని వచ్చు గీతకార్మికుడు. చెట్టు తానే గీయును, కల్లు తానే దించును, చెట్టుక్రిందనో ఊరి చివరనో తానే అమ్మును. వియన్నా కాపునకు పచ్చకొమ్మ ఎట్లో ఇతనికి తాటాకు అట్లు. ఇతని హక్కును చట్టమెఱుగకపోలేదు. సహకారసంఘములకును, చెట్టు గీయువానికి విడిగాను లైసెన్సు లిచ్చు పద్ధతి కలదు. అయినను ఇటీవల మన ప్రభుత్వములు ఇతనికి చేసిన మేలు ఏ రూపమున నున్నదో చూడుడు. తెలంగాణలో 2021నుండి మద్యదుకాణములలో 15 శాతము గౌడులకు ప్రత్యేకించిరి. ఆంధ్రప్రదేశ్‌లో గీతకులములవారికి 340 దుకాణములు కేటాయించిరి. తరతరములు అణగియున్నవారికి వ్యాపారమున వాటా దొరకుటను నేను నిందింపను. కాని చెట్టెక్కువానిని చెట్టునుండి దించి, ఎక్కడనో కర్మాగారములో నిండిన పరుల సీసాలను అమ్ము గల్లాపెట్టె వెనుక కూర్చుండబెట్టుట, ఆతని వృత్తికి చేసిన సాయము కాదు. తాడిపై ప్రాణము పణముగా పెట్టుచున్నవాడు వేఱు. లాటరీలో చీటి వచ్చినవాడు వేఱు.

చెట్టునకును దుకాణమునకును ముడి తెగినచోట ఏమి జరుగునో 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కనబడెను. కల్తీ కల్లు త్రాగి పలువురు పేదలు ప్రాణములు కోల్పోయిరి. నగరపు కల్లు కాంపౌండ్లలో అమ్ముడగు కల్లునకు తగినన్ని చెట్లు ఆ చుట్టుపట్ల ఎక్కడ నున్నవి? చెట్టు ఇయ్యలేని దానిని అల్ప్రాజోలము వంటి మత్తుమందు పూరించుచున్నది. చెట్లలెక్కకు మించి ఒక్క సీసా కూడ అమ్మరాదను నియమము నిజముగా అమలైనచో, ఆ మందు కలుపుటకు చోటే యుండదు. నాపా కౌంటీ 75 శాతపు పండునియమము చెప్పునది, మన తాటిచెట్టు చెప్పునది వేఱు కాదు.

ఈ సందర్భమున మహారాష్ట్రపు యత్నమొకటి గమనింపదగినది. నాసిక్ ప్రాంతమున ద్రాక్షాసవ పరిశ్రమ నిజముగా పెరిగిన తరువాత, 2022 జనవరిలో ఆ ప్రభుత్వము పెద్ద పచారీమాళిగలలో వైను అమ్మవచ్చునని నిశ్చయించి, ఇది రైతు మేలుకొఱకని చెప్పెను. అన్నా హజారే నిరాహారదీక్షకు సిద్ధపడెను. రైతుపేరు ఎత్తి తలుపు తెఱచినది మాత్రము పచారీమాళిగకు. రైతు గడపకు కాదు. ఈ పొరపాటు కాలిఫోర్నియా నిర్వచనములోని పొరపాటే, మఱియొక వేషమున వచ్చినది.

కాలిఫోర్నియా శాసనసభవారు తమ మినహాయింపుల నన్నింటిని త్రోసివేసి, వైన్‌గ్రోయరు నిర్వచనములో ఒక్క వాక్యము చేర్చినచో చాలును: తన భూమిలో, లేక తన కౌంటీలో పండిన పండునుండి తీసిన దానిని, ఇంత పరిమాణమునకు లోబడి, తన గడపయందు అమ్ముకొనుట పండించినవాని హక్కు, ఆ పరిమాణము దాటినవాడు గోడకు ఆవలనే యుండవలెను, పరుల దుకాణమునకు అప్పుగాని, బహుమతిగాని, సామగ్రిగాని ఎవ్వడును ఇయ్యరాదు. మన ఉభయ రాష్ట్రముల ఎక్సైజు మంత్రులకు నా విన్నపము ఇంకను చిన్నది. రాబోవు విధానపత్రము వ్రాయునప్పుడు, ప్రతి కల్లుదుకాణము ముంగిట అచ్చటికి కల్లు వచ్చు చెట్లెన్ని, అవి ఏ యూరివి, గీయు మనుషులెవరు అను మూడు సంగతులు వ్రాసిన పలక ఉండవలెనని ఒక నిబంధన చేర్చుడు. ఆ లెక్కకు మించిన అమ్మకమును నాడే ఆపించుడు. లైసెన్సు నిచ్చు కార్యాలయమును రాబడి వసూలు చేయు కార్యాలయమునుండి వేఱుచేయుడు.